‘మీరు షిన్రానా, ప్రతినాయకుడా’ అని అడిగే 49 రూపాయల క్విజ్ విషయంలో జాగ్రత్త

‘ఫైర్ ఫోర్స్’ అనే జపాన్ అనిమే (యానిమేషన్ సీరియల్)లోని ఏ వీరుడి స్వభావం, ఏ ప్రతినాయకుడి స్వభావం మీకు సరిపోతుందో చెబుతామంటూ 49 రూపాయలు అడిగే క్విజ్ ఒకటి మన అభిమానుల ఫోన్లలో తిరుగుతోంది. దయచేసి దానికి డబ్బు కట్టకండి. నేను కట్టాను. ఆ 49 రూపాయలు పోగా, మరో రెండు వారాల్లో 599 రూపాయల చొప్పున రెండుసార్లు నా ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయింది. మొత్తం 1,247 రూపాయలు నష్టపోయాను. ఇప్పటికే కట్టినవారు ఈ టపా పూర్తిగా చదవకపోయినా, ముందుగా తమ యూపీఐ యాప్‌లోని ఆటోపే (మన అనుమతితో ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు) విభాగాన్ని తెరిచి చూసుకోవాలని కోరుతున్నాను.

ఈ అనిమేకు మూలం అత్సుషి ఓకుబో గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. అది 2015 నుంచి 2022 వరకు జపాన్‌లో ధారావాహికగా వచ్చి 34 సంపుటాలుగా వెలువడింది. 2019లో అనిమేగా మొదలైంది. మనుషులు ఉన్నట్టుండి తమంతట తామే మండిపోయి, మంటల భూతాలైన ఇన్‌ఫెర్నల్‌లుగా మారిపోయే లోకంలో, ఆ మంటల్ని ఆర్పి, ఆ ఆత్మలకు ప్రార్థనతో శాంతిని కలిగించే అగ్నిమాపక దళాల కథ ఇది. ఇందులో నాకు అందరికంటే దగ్గరైనవాడు 8వ దళంలో చేరిన షిన్రా కుసకాబే. అతనికి భయం వేసినా, ఒత్తిడి కలిగినా పెదవులపై నవ్వు వస్తుంది. ఆ నవ్వు అతని చేతిలో లేదు. తల్లినీ తమ్ముణ్ణీ పోగొట్టుకున్న అగ్నిప్రమాదం రోజున కూడా ఆ నవ్వే కనిపించడంతో లోకం అతన్ని దెయ్యమని పిలిచింది. నాకూ ఆ లక్షణం ఉంది. మా తాతయ్య పోయిన రోజున పలకరించడానికి వచ్చిన పెద్దల ముందు నా ముఖంలో నవ్వు లాంటిదేదో కదిలితే, ‘ఏడవాల్సిన చోట ఆ నవ్వేమిటి’ అని ఒక బంధువు అందరి ముందూ అడిగారు. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. అందువల్ల షిన్రాకూ నాకూ నిజంగా పోలిక ఉందో లేదో తెలిసినవాళ్లెవరైనా చెబితే వినాలని ఎంతో ఆశపడ్డాను. ఆ ఆశతోనే ఈ క్విజ్ తెరిచాను.

మొదటి పేజీలో ‘ఉచితం’ అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ తరువాత 40 ప్రశ్నలు వచ్చాయి. అన్నింటికీ ఓపికగా జవాబులిచ్చి, ఫలితం ఎదురుగా మసక తెర వెనుక కనిపిస్తున్న సమయంలో, పూర్తి నివేదిక కావాలంటే 49 రూపాయలు చెల్లించాలని, ఈ ధర ఇంకా పది నిమిషాలే ఉంటుందని చెబుతూ గడియారం వెనక్కి నడవడం మొదలైంది. అరగంట వెచ్చించిన తరువాత ఎవరికైనా ఆ 49 రూపాయలు చిన్న మొత్తంగానే అనిపిస్తాయి. మరునాడు అదే పేజీని తెరిచి చూస్తే ఆ గడియారం మళ్లీ పది నిమిషాల దగ్గరే మొదలైంది.

ఇక నివేదిక విషయానికి వస్తే, దాన్ని రాసినవారు ఈ అనిమేను ఒక్క ఎపిసోడ్ అయినా చూసి ఉంటారని నేను నమ్మను. ఫలితంలో నాకు షిన్రానే వచ్చాడు. కానీ అతని నవ్వును ‘తిరుగులేని ఆత్మవిశ్వాసానికి, ఎదుటివారిని ఆకట్టుకునే కలుపుగోలుతనానికి గుర్తు’ అని రాశారు. ఆ పాత్ర బాధంతా ఆ నవ్వును లోకం తప్పుగా అర్థం చేసుకోవడంలోనే ఉంది. డబ్బు తీసుకున్నవారు కూడా దాన్ని సరిగ్గా అలాగే తప్పుగా అర్థం చేసుకున్నారు. డబ్బు పోయినదానికంటే నన్ను ఎక్కువగా నొప్పించింది ఇదే.

నాతో పాటు మా పిన్ని కొడుకు, అతని గదిలో ఉండే మిత్రుడు కూడా ఇదే నివేదిక కొన్నారు. ఆ మిత్రుడికి 8వ దళం నాయకుడు అకితారు ఓబి వచ్చాడు. ‘మీలాగే ఓబి కూడా తన చేతుల నుంచి మంటలు పుట్టించి శత్రువును ఎదుర్కొంటాడు’ అని అందులో ఉంది. ఓబికి ఏ అగ్నిశక్తీ లేదు. ఏ శక్తీ లేని మామూలు మనిషి కేవలం దేహబలంతో, పనిముట్లతో, తన మనుషుల మీద ఉన్న ప్రేమతో మంటల్లోకి నడుస్తాడు కాబట్టే మనం అతన్ని గౌరవిస్తాం. అదే నివేదికలో 8వ దళంలోని మాకి ఓజేను మూడో తరం శక్తి కలిగినదిగా పేర్కొన్నారు. మొదటి తరం వారు ఇన్‌ఫెర్నల్‌లుగా మారిపోతారనీ, రెండో తరం వారు అప్పటికే ఉన్న మంటను అదుపు చేయగలరే తప్ప పుట్టించలేరనీ, మూడో తరం వారే సొంతంగా మంటను సృష్టించగలరనీ మొదటి కొన్ని ఎపిసోడ్లు చూసినవారికి కూడా తెలుసు. మాకి రెండో తరానికి చెందినది.

ఇక్కడ కథలోని ఒక మలుపు చెప్పక తప్పడం లేదు. మొదటి సీజన్ ఇంకా చూడనివారు తరువాతి పేరాకు వెళ్లిపోవాలి. మా తమ్ముడికి, అంటే మా పిన్ని కొడుక్కి, వీరుల జాబితాలోంచి రెక్కా హోషిమియా వచ్చాడు. ‘పిల్లల రక్షణకే జీవితాన్ని అంకితం చేసిన నిష్కళంక వీరుడు’ అని అతని గురించి రాశారు. పైకి ఉత్సాహంతో ఉరకలు వేస్తూ అందరి నమ్మకాన్నీ పొందిన ఆ మనిషే, రహస్యంగా అమాయకుల శరీరాల్లోకి పురుగుల్ని పంపించి వారిని ఇన్‌ఫెర్నల్‌లుగా మార్చినవాడు. వీరుడెవరో ప్రతినాయకుడెవరో చెబుతామని డబ్బు వసూలు చేసిన నివేదికకు ఆ తేడాయే తెలియకపోవడం చిన్న తప్పు కాదు.

మూడు నివేదికలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు మరో సంగతి బయటపడింది. పాత్ర పేరు, దాని కింద ఉన్న రెండు వాక్యాలు మాత్రమే వేరుగా ఉన్నాయి. ‘మీ అంతరంగం’ అనే శీర్షిక కింద ఉన్న నాలుగు పేజీలు ముగ్గురికీ అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. అయినా మొదటిసారి చదివినప్పుడు ముగ్గురమూ ‘ఇది నా గురించే’ అనుకున్నాం. ఇందులో మన తెలివితక్కువతనమేమీ లేదు. బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితమంటూ అందరికీ ఒకే రాతను ఇచ్చాడు. అది జాతకాల పుస్తకంలోంచి ఏరి కూర్చిన రాత. తమకు అది ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4కు పైగా వేశారు. ‘మీరు బయటికి ధైర్యంగా కనిపించినా లోపల సందేహాలు ఉంటాయి’ వంటి వాక్యం ఎవరికి సరిపోదు? మీరు కూడా ఏదైనా నివేదిక కొని ఉంటే, భిన్నంగా జవాబులిచ్చిన మిత్రుడి నివేదికతో దాన్ని ఒకసారి పోల్చి చూడండి.

డబ్బు ఎలా పోయిందో కూడా వివరంగా చెబుతాను. 49 రూపాయలు చెల్లించడానికి నొక్కినప్పుడు నా యూపీఐ యాప్‌లో తెరుచుకున్నది మామూలు చెల్లింపు పేజీ కాదు, ఆటోపే అనుమతి పేజీ. ‘599 రూపాయల వరకు, ప్రతి వారం’ అని అందులో ఉంది. వెనక గడియారం నడుస్తోందన్న తొందరలో పైనున్న 49 మాత్రమే చూసి పిన్ నొక్కాను. మన దేశంలో ఇలాంటి ఆటోపే మొత్తం ఖాతాలోంచి వెళ్లడానికి కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. నాకూ వచ్చింది. అయితే అందులో క్విజ్ పేరు లేదు. నేనెప్పుడూ వినని ఒక వ్యాపార సంస్థ పేరు ఉండటంతో ప్రకటన అనుకుని వదిలేశాను. రెండో వారం డబ్బు పోయాకే బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి అసలు విషయం గ్రహించాను.

యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్లు అనే విభాగంలో మీరు ఇచ్చిన అనుమతులన్నీ కనిపిస్తాయి. తెలియని పేరుతో వారానికోసారి డబ్బు తీసుకునే అనుమతి ఉంటే దాన్ని తెరిచి రద్దు చేసి, మీ పిన్ నొక్కండి. క్విజ్ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఆ అనుమతి రద్దు కాదు. మా తమ్ముడు యాప్ తీసేసి నిశ్చింతగా ఉన్నాడు, కానీ అతని మ్యాండేట్ అలాగే నడుస్తోంది. నేను ఫోన్ చేసి చెప్పిన తరువాత, రెండో కోతకు ఒక రోజు ముందు రద్దు చేసుకోగలిగాడు. రద్దు చేసే ముందు మ్యాండేట్ వివరాల పేజీనీ, క్విజ్ మొదటి పేజీలోని ‘ఉచితం’ అనే ప్రకటననూ, ఆ గడియారాన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

పిన్‌తో నేనే అనుమతించిన లావాదేవీ కాబట్టి మోసంగా నమోదు చేయడం కష్టమని మా బ్యాంకు చెప్పింది. అందువల్ల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో జారీ చేసిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు ఎత్తుగడలను నిషేధించాయి. లేని తొందరను కల్పించడం, ధరను చివరి దాకా దాచిపెట్టడం, చందా ఉచ్చులోకి లాగి బయటపడే దారి కనిపించకుండా చేయడం ఆ జాబితాలోనే ఉన్నాయి. నా ఫిర్యాదులో ఈ మూడింటినీ విడివిడిగా పేర్కొని స్క్రీన్‌షాట్లు జతచేశాను. నా డబ్బు ఇంకా తిరిగి రాలేదు.

మరొక ముఖ్యమైన విషయం ఉంది. ఆ 40 ప్రశ్నల మధ్యలో ‘షిన్రాకు తల్లి అంటే ప్రాణం, మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి’, ‘మీరు మొదట చదివిన బడి ఏది’, ‘మీరు పెంచిన మొదటి జంతువు పేరేమిటి’ అన్న ప్రశ్నలున్నాయి. పాస్‌వర్డ్ మరచిపోయినప్పుడు మనల్ని గుర్తుపట్టడానికి అనేక ఖాతాల్లో అడిగే ప్రశ్నలు ఇవే. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అంతకు ముందే తీసుకున్నారు. మన అభిమాన బృందాల్లో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్లలో చాలామంది అమ్మానాన్నల ఫోన్ల నుంచే ఇలాంటివి తెరుస్తారు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే, ఈ క్విజ్‌లో ఏం జవాబులిచ్చారో వారిని కోప్పడకుండా అడిగి తెలుసుకుని, అవే జవాబులు మీ ఈమెయిల్ ఖాతాకో బ్యాంకు ఖాతాకో భద్రతా ప్రశ్నలుగా ఉంటే ఈ రోజే మార్చండి.