ఉయ్యాలా, పక్కలోనా, పిల్లల కాట్ మంచమా, ఏడవనివ్వడమా: రాత్రి లేచే బిడ్డకు ఏది మేలు?

మా పాపకు పదకొండో నెల నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి నేను ఏకబిగిన ఐదు గంటలు పడుకున్న రాత్రులు రెండంటే రెండే, అందులో ఒకటి నాకు జ్వరమొచ్చి అమ్మ పాపను తన గదిలోకి తీసుకెళ్లిపోయిన రాత్రి, మరి దాన్ని లెక్కలో వేసుకోవచ్చో లేదో మీరే చెప్పండి. పురుడు కావలిలో, మా అమ్మావాళ్లింట్లో. ఐదో నెలలో ఒంగోలు వచ్చేశాం. ఈ మధ్యలో ఎవరేం చెప్తే అది చేసి చూశాను. అందులో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో నా లెక్క చెప్తాను. మీ ఇంటి లెక్క వేరే ఉండొచ్చు.

ముందు ఒక మాట. రాత్రంతా లేవకుండా పడుకోబెట్టే ఉపాయం కోసం వెతికినన్నాళ్లు పాపతో పాటు నేనూ ఏడ్చాను. పసిబిడ్డ పొట్ట చిన్నది, మొదటి నెలల్లో రెండు మూడు గంటలకోసారి పాలు పడాల్సిందే. మొదటి మూడు నెలలు రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటారు, కానీ ముక్కలు ముక్కలుగా, ఎందుకంటే ఇది పగలు ఇది రాత్రి అని ఒంటికి తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుంది. పైగా మనకు గంటన్నరకు ఒకసారి నిద్ర పలచబడితే వాళ్లకు గంటలోపే పలచబడుతుంది. కాబట్టి బిడ్డ లేవకుండా ఏం చేయాలి అని అడగడం మానేసి, లేచాక ఎవరికీ ప్రమాదం లేకుండా అందరం ఎంత తొందరగా మళ్లీ పడుకుంటాం అని అడగడం మొదలుపెట్టాను. కింద చెప్పేదంతా ఆ లెక్కనే.

మా అమ్మది ఉయ్యాల పక్షం. నన్నూ మా తమ్ముణ్ణీ ఊపిన ఇనప కొక్కెం పెద్ద గదిలో దూలానికి అట్టాగే ఉంది, దానికి అమ్మమ్మ పాత నూలు చీర కట్టింది. రోహిణి కార్తె ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నాలు, ఆ చీరలో పడుకున్నంత హాయిగా పాప ఇంకెక్కడా పడుకోలేదు. పైన దోమతెర వేయడమూ తేలికే. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డను అందులో వేసి పదిసార్లు ఊపితే కళ్లు మూతపడేవి. నిద్రపుచ్చే పనిలో చీర ఉయ్యాలకు సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే.

తంటా అంతా ఊపు ఆగాకే. ఊగుతూ నిద్రపోయిన పిల్ల యాభై నిమిషాలకు కాస్త కదిలి, ఊపు లేదని తెలియగానే లేచి కూర్చున్నంత పని చేసేది. దానికి అమ్మ దగ్గర మందుంది: ఉయ్యాలకు తాడు కట్టి, రెండో కొస తన కాలి బొటనవేలికి చుట్టుకుని కింద చాప మీద పడుకునేది. పాప మూలిగితే అమ్మ కాలు దానంతటదే ఆడేది, గురక మాత్రం ఆగేది కాదు! నేనూ ఒక రాత్రి కట్టుకున్నాను. వేలు మొద్దుబారింది, నిద్ర రాలేదు.

కానీ రాత్రంతా ఉయ్యాలలో ఉంచడం మానేసింది ఊపలేక కాదు. చీర మధ్యలో గుంటపడుతుంది. మెడ నిలవని బిడ్డ అందులో ముడుచుకుని పడుకుంటే గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరాడే దారి ఇరుకవుతుంది. గట్టిగా, చదునుగా ఉన్న పడక మీద వెల్లకిలా పడుకోబెట్టమని డాక్టర్లు చెప్పేది అందుకే. నాలుగో నెలలో బోర్లా పడటం మొదలుపెట్టాక ఇంకా భయం వేసింది, మడతల్లో మొహం ఇరుక్కుంటే మనకు చప్పుడు కూడా వినిపించదు. పగలు ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఊపేటప్పుడు సరే. అందరూ నిద్రపోయే రాత్రికి వద్దు.

రెండోది, పక్కలో పడుకోబెట్టుకోవడం. సుఖం అంటే ఇదే, అబద్ధం ఎందుకు చెప్పాలి. లేవక్కర్లేదు, లైటు వేయక్కర్లేదు, పడుకునే పాలివ్వొచ్చు, రాత్రి పాలల్లో నిద్రకు సాయం చేసే మెలటోనిన్ కూడా ఉంటుంది. కానీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022 సూచనల్లో కనీసం ఆరు నెలలు మీ గదిలోనే, అయితే వేరే పడక మీద అని స్పష్టంగా ఉంది. ఇది చెప్తే మా అత్త నవ్వింది. "మేమంతా పిలకాయల్ని యాడ పడుకోబెట్టుకున్నామమ్మా, పక్కలోనే గదా?" నిజమే. కానీ ఆమె పడుకున్నది నేల మీద, చాప, పైన ఒక పల్చటి దుప్పటి. మాది అడుగు మందం మెత్తటి పరుపు, నాలుగు దిండ్లు, ఏసీ కోసం బొంత, అవతల మా ఆయన. ఆమె చెప్పే పక్క వేరు, నా పక్క వేరు. మందు తాగిన మనిషి, సిగరెట్ తాగే మనిషి, నిద్రమాత్ర వేసుకున్న మనిషి ఉన్న మంచం మీద, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో, ఇది ససేమిరా వద్దు.

మూడో నెలలో ఒక రాత్రి, మంచం మీద నిద్రపోతానేమోనని భయపడి, హాల్లో సోఫాలో కూర్చుని పాలిస్తున్నాను. మెలకువ వచ్చేసరికి పాప నా మోచేతికీ సోఫా అంచుకూ మధ్య జారిపోయి ఉంది, మొహం నా చీర కుచ్చిళ్ల వైపు. ఏం కాలేదు, హాయిగా పడుకునే ఉంది. నాకు మాత్రం తెల్లారేదాకా చేతులు వణికాయి. సోఫాలో బిడ్డతో నిద్రపోవడం మంచం మీద నిద్రపోవడం కంటే ఎక్కువ ప్రమాదమని తర్వాత తెలిసింది. కునుకు పట్టేట్టుంటే సోఫా కంటే దిండ్లూ దుప్పట్లూ తీసేసిన మంచమే నయం.

ఆ మర్నాడే కాట్ కొన్నాం, ఒక పక్క కమ్మీ తీసేసి మన మంచానికి ఆనించి గట్టిగా బిగించేది. చెయ్యి చాస్తే పాప అందుతుంది, కానీ తన పడక తనది. నా ఓటు దీనికే, ముఖ్యంగా మొదటి ఆరు నెలలకు. ఒకటే చిక్కు, చేతుల్లో నిద్రపోయిన పిల్లను అందులో దించగానే తేలు కుట్టినట్టు లేస్తుంది. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థవాళ్లు 2022లో చెప్పిన చిట్కా ఇక్కడ పనికొచ్చింది: ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడవాలి, నిద్రపోయాక వెంటనే దించకుండా ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, అప్పుడు దించాలి. నేను ఆ కూర్చునే భాగం ఎగ్గొట్టేదాన్ని. దాని వల్లే లేచేది.

డబ్బా పాలు పడితే, జావ పోస్తే రాత్రంతా పడుకుంటారన్న సలహా చాలామందే ఇచ్చారు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆరు నెలలు దాటాక రాగిజావ పెట్టాం, ఇష్టంగా తాగింది, లేచేది లేస్తూనే ఉంది. పాలు చాలకో ఇంకో కారణానికో డబ్బా పాలు పట్టే తల్లులది వేరే సంగతి, నిద్ర కోసమని మాత్రం మొదలుపెట్టొద్దు. అర్ధరాత్రి నీళ్లు కాచి, చల్లార్చి, సీసా కడిగే పని ఎవరిది?

ఏడిస్తే కొంతసేపు ఏడవనిచ్చి, మధ్యమధ్యలో వెళ్లి చూసి, ఆ వ్యవధి పెంచుకుంటూ పోయే పద్ధతి, ఫెర్బర్ అనే అమెరికా డాక్టర్ చెప్పింది, దాని గురించి కూడా చదివాను. ఆరు నెలలు దాటిన, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు చాలా ఇళ్లలో పనిచేస్తుందంటారు. మా ఇంట్లో మూడో నిమిషానికే అత్త తలుపు తోసుకుని వచ్చేసింది, "ఏందమ్మాయ్, బిడ్డ అట్టా ఏడస్తంటే" అంటూ. ఉమ్మడి ఇంట్లో, పక్కింటి గోడ మన గోడ ఒకటే అయిన చోట, ఈ పద్ధతి మొదలెట్టి సగంలో ఆపడం అసలు మొదలెట్టకపోవడం కంటే అన్యాయం. మేము మధ్యరకంగా పోయాం: కళ్లు బరువెక్కగానే, పూర్తిగా నిద్రపోకముందే కాట్‌లో వేసి, జో కొడుతూ పక్కనే ఉండటం. నెల పట్టింది. ఊపడం మాత్రం పోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, వంతులేసుకోవడం ఒక ఎత్తు. మా ఆయన కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే పంట పోయినట్టే, అందుకని మూడింటికి అలారం పెట్టుకుని లేచే మనిషి. రొయ్య కోసం లేస్తాడు, కూతురు ఏడిస్తే మాత్రం వినపడదు! ఈ మాట ఒకరోజు గట్టిగానే అనేశాను. రొయ్యల పట్టుబడి అయిపోయి గుంటలు ఎండగట్టిన వారాల్లో బేరం కుదిరింది: రెండున్నర దాకా నావి, ఆ తర్వాత ఆయనవి. నేను అత్త గదిలోకి వెళ్లి పడుకుంటాను, ఫ్రిజ్‌లో పెట్టిన పాలు ఆయన గోరువెచ్చగా చేసి ఉగ్గుగిన్నెతో పడతాడు. మొదటి రెండు రాత్రులు పాప ఆయన్ని చూసి నానా గొడవ చేసింది. మూడో రాత్రి నుంచి ఆయన దగ్గర నాకంటే తొందరగా పడుకుంటోంది, పాల వాసన లేదు కాబట్టేమో. రాత్రికి డైపర్, పగలు గుడ్డలు అని కూడా తేల్చుకున్నాం, తడికి లేవడం ఒకటి తగ్గింది.

ఒకటి మాత్రం వీటితో పోల్చకండి. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్లు 100.4 డిగ్రీలో అంతకంటే ఎక్కువో ఉన్నా, పాలు తాగకపోయినా, ఎన్నడూ లేనట్టు ఆగకుండా ఏడ్చినా అది నిద్ర సమస్య కాదు, తెల్లారేదాకా చూడకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి.

పోయిన వారం మళ్లీ గుంటల్లో రొయ్య పిల్ల వదిలారు. మూడింటికి అలారం మోగుతోంది, దానికి పాప లేస్తోంది, ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోతున్నాడు. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద పెట్టుకోమన్నాను. నిన్న రాత్రి ఆయన లేవలేదు, నేను లేచాను.