ఈల్ రక్తమా, ట్రౌట్ రక్తమా?

చేప ఎర్ర రక్తకణంలోకి గ్లూకోజ్ ఎలా వెళ్తుందో చూడాలి. ఏ చేప తెచ్చుకోవాలి?

వేగం: పాములా పొడవుగా ఉండే జపాన్ ఈల్ చేప కణపొరలో చక్కెరను మోసే ప్రోటీన్ ఉంది, గ్లూకోజ్ చకచకా లోపలికి పోతుంది. ట్రౌట్‌లో నత్తనడకే.

శ్రమ: ఈల్‌తో చెయ్యి చురుగ్గా ఆడాలి. చక్కెర రాకపోకల్ని ఆపేసే ఫ్లోరెటిన్ అనే పదార్థం కలిపిన మంచుచల్లటి ద్రావణం టైముకి పోయకపోతే రీడింగ్ పోయినట్టే. ట్రౌట్‌తో ఆ టెన్షన్ లేదు. కాకపోతే ఎక్కువసేపు ఉంచితే కణం గ్లూకోజ్‌ను తినేస్తుంది. అందుకే అది వాడుకోలేని 3-ఓ-మిథైల్ గ్లూకోజ్ వేస్తారు.

ప్రమాదం: ఈల్ పచ్చి రక్తం విషం, కంట్లో పడితే మంటే. కళ్లద్దాలు పెట్టుకోండి.

దొరకడం: ట్రౌట్‌ను పెంచుతారు. జపాన్ ఈల్ 2014 నుంచి అంతరించే ముప్పున్న జాబితాలో ఉంది.

మోసే ప్రోటీన్‌ను సైటోకలాసిన్-బి అనే నిరోధక రసాయనంతో అడ్డుకుని చూడాలంటే ఈల్. పొరలోంచి మెల్లగా ఊరే చక్కెరను కొలవాలంటే ట్రౌట్.