చీటీలో సగం కూడా దొరకని మార్టు: పదమూడేళ్ల వాడకం తర్వాత

మా మహబూబ్‌నగర్‌లో 2011 దసరాకు ముందు తెరిచిన ఒక మూడంతస్తుల మార్టులో అప్పటి నుంచీ నెల సామాను కొంటూ వచ్చాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అందులో ఇంకా పని చేస్తున్న పిల్లల జీతాలకు నా మాట వల్ల ఇబ్బంది రాకూడదు. బడిలో పని చేసిన రోజుల నుంచి నాకొక అలవాటు ఉంది. ప్రతి నెలా మొదటి వారంలో చీటీ రాసుకొని వెళ్లి, దొరికిన వస్తువు ఎదుట టిక్కు పెట్టి, ఆ చీటీని బిల్లుతో కలిపి ఫైలులో దాచిపెడతాను. ఆ ఫైలును ముందు పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆ మార్టు రాకముందు మాకు పప్పు, ఉప్పు, పల్లి నూనె సేటు దుకాణంలో ఉద్దెరకు వచ్చేవి. బట్టలకు ఒక వీధి, స్టీలు సామానుకు ఇంకొక వీధి, చెప్పులకు వేరొక చోటు తిరగవలసి వచ్చేది. అన్నీ ఒకే కప్పు కింద, ఎమ్మార్పీకి తక్కువగా, అర మీద రాసిన ధరే బిల్లులో కూడా కనిపించేలా ఇచ్చిన మొదటి దుకాణం మాకు అదే. ధర తక్కువ కావడం ఒక్కటే మమ్మల్ని అక్కడికి తీసుకుపోలేదు. మా అత్తమ్మ తన డెబ్బయ్యో ఏట, ఎవరినీ అడగకుండా, ఎదురుగా నిలబడి తొందరపెట్టేవారు లేకుండా, అరగంట సేపు దుప్పట్లను తడిమి చూసి తనకు నచ్చినదాన్ని ఎంచుకున్నారు. కొనకుండా వదిలేసిన వాటికి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం కూడా ఆమెకు రాలేదు. ఆ మర్యాదను నేను ఇప్పటికీ మరచిపోలేదు.

బతుకమ్మ పండుగ రోజుల్లో వనపర్తి, నారాయణపేట, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలతో మెట్ల మీద కాలు పెట్టే చోటు ఉండేది కాదు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయి చేతిలో చిల్లర లేని వారాల్లో, కార్డు గీకి బియ్యం తెచ్చుకోగలిగింది అక్కడే.

దాని క్షీణత లాక్‌డౌన్‌తో మొదలైందని మా బంధువులందరూ అంటారు. నా చీటీలు అలా చెప్పడం లేదు. 2013 జనవరి చీటీలో 42 వస్తువులు రాసుకుంటే 41 దొరికాయి. 2019 జూన్‌లో 40 రాసుకుంటే దొరికినవి 31. మొదట తూకం వేసి ఇచ్చే తాండూరు కందిపప్పు, జొన్నలు పోయి వాటి చోట మార్టు సొంత పేరుతో కట్టిన పొట్లాలు వచ్చాయి. తర్వాత సబ్బుల్లో మేము వాడేది పోయింది, ఆ తర్వాత పసిపిల్లల పాలపొడి. పోయిన ఆగస్టులో 38 వస్తువులకు 17 దొరికాయి.

ఖాళీలు కనిపించకుండా చేసే పద్ధతిని గమనించడానికి నాకు కొంత కాలం పట్టింది. పది అడుగుల అర నిండా ఒకే రకం ఫినాయిల్ సీసాలను ముందు వరుసలో మాత్రమే పేర్చి ఉంచుతారు. ఒక సీసా తీస్తే వెనక గోడ కనిపిస్తుంది. పప్పుల వరుసలో పని చేసే అమ్మాయిని అడిగితే, "కంపెనీవాళ్లు పాత పైసలు కడితేనే మాల్ దించుతమంటున్నరు మేడం, నెల సంది ఇదే కథ" అని మెల్లగా చెప్పింది. 

ఆ ఒక్క మాటతో నాకు విషయమంతా అర్థమైంది. మనం సేటు దగ్గర ఉద్దెర పెట్టినట్టే ఇటువంటి మార్టులు సరఫరాదారుల దగ్గర ఉద్దెర పెడతాయి. సరుకు ముందు వస్తుంది, అమ్ముడైన తర్వాత డబ్బు పోతుంది. చెల్లింపు ఆలస్యమైతే, ఎక్కడైనా ఇట్టే అమ్ముడుపోయే సరుకు ఉన్న పంపిణీదారుడే మొదట ఆపేస్తాడు, ఎందుకంటే అతనికి వేరే కొట్లు ఉన్నాయి. అందువల్ల జనానికి రోజూ కావలసినవి ముందుగా మాయమవుతాయి, ఎవరూ అడగనివి అరల మీద మిగిలిపోతాయి. నూనె దొరకని చోటికి చెప్పుల కోసం ఎవరూ రారు కాబట్టి పై అంతస్తుల అమ్మకం కూడా పడిపోతుంది, కట్టవలసిన డబ్బు ఇంకా వెనకబడుతుంది.

ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు. కిశోర్ బియానీ 2001లో మొదలుపెట్టిన బిగ్ బజార్ తొలి దుకాణాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే వచ్చింది. 2006 జనవరి 26న అది పెట్టిన తగ్గింపు రోజుకు దేశమంతటా విరగబడి వచ్చిన జనాన్ని అదుపు చేయడం కష్టమైంది. అటువంటి సంస్థ అప్పుల్లో కూరుకుపోయి 2020 ఆగస్టులో 24,713 కోట్ల రూపాయలకు రిలయన్స్‌కు అమ్ముడుపోవడానికి ఒప్పుకుంది. అమెజాన్ అభ్యంతరంతో కోర్టుల్లో దాదాపు ఏడాదిన్నర గడిచింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఒప్పందం రద్దయింది, జూలైలో బిగ్ బజార్‌ను నడిపిన ఫ్యూచర్ రిటైల్ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అమెరికాలో 1962లో మొదలైన కేమార్ట్ ఒక దశలో రెండు వేలకు పైగా దుకాణాలు నడిపింది. వాల్‌మార్ట్ కంప్యూటర్ల మీద, గోదాముల మీద, సరుకు రవాణా మీద డబ్బు పెట్టిన కాలంలో కేమార్ట్ పుస్తకాల దుకాణాలను, క్రీడా సామాను దుకాణాలను కొంటూ పోయింది. ప్రకటనలో చూపిన వస్తువు అరలో లేదని జనం వెనుదిరిగారు. 2002లో దివాలా తీసి, 2005లో సియర్స్ అనే మరో దుకాణాల సంస్థతో కలిసి, ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చి, ఆ దేశపు ప్రధాన భూభాగంలో తన చివరి పెద్ద దుకాణాన్ని 2024 అక్టోబరులో మూసేసింది. వాటి గురించి చదువుతున్నంతసేపూ మా మార్టులోని ఆ ఫినాయిల్ సీసాల వరుసే నా కళ్ల ముందు మెదిలింది.

బిల్లు విషయంలో కూడా నమ్మకం సడలింది. గత సంవత్సరం గోధుమపిండి మీద అర దగ్గర ఒక ధర, కౌంటరు దగ్గర 22 రూపాయలు ఎక్కువ ధర పడింది. ఆ తేడా తిరిగి ఇచ్చారు, కానీ ఆరు కౌంటర్లకు ఒకటే తెరిచి ఉండడంతో అందుకోసం ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డాను. కౌంటర్లో ఉన్న అబ్బాయిని నేను తప్పుపట్టను; ఒకప్పుడు నలుగురు చేసిన పనిని అతనొక్కడే చేస్తున్నాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి డిగ్రీ చదివి వచ్చిన ఎంతోమంది ఆడపిల్లలకు మొదటి జీతం ఇచ్చిన దుకాణం అది. వాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లు ముగ్గురు ఉన్నారు, ఇప్పుడు అక్కడ ఒక్కరూ లేరు.

బాగున్నవి కూడా చెప్పాలి. స్టీలు సామాను ఇప్పటికీ గట్టిది, ధర ఊళ్లో అందరికన్నా తక్కువ. 2012లో కొన్న ఇడ్లీ పాత్రను నేటికీ వాడుతున్నాను. బిల్లు చూపితే వారం లోపల బట్టలు మార్చి ఇచ్చే పద్ధతిని మానలేదు. బట్టల అంతస్తులో చిన్నపిల్లల నూలు దుస్తులు తప్ప వేరేవి చూడవలసిన పని లేదు.

మార్పు ఎటు పోతున్నదో మా ఇంటి సంగతే చెబుతుంది. పాత సేటు గారి కొడుకు ఇప్పుడు వాట్సాప్‌లో చీటీ పంపితే సాయంత్రానికి సామాను ఇంటికి చేరుస్తున్నాడు, లేనిది లేదని ముందే చెబుతున్నాడు. నా నెల సామానులో చాలా భాగం రెండేళ్లుగా అక్కడికే మారింది. మార్టుకు రెండు మూడు నెలలకొకసారి మాత్రమే పోతున్నాను.

ఇంకా అక్కడ కొనేవారికి నా సూచన ఇదే. పొట్లాల మీద తేదీ చూడండి, అర మీది ధరను ఫోనులో ఫొటో తీసుకోండి, కార్డులో చేరిన పాయింట్లను, బహుమతిగా వచ్చిన కూపన్లను దాచుకోకుండా వాడేయండి. దుకాణం మూతపడితే కూపన్ ఉన్నవాళ్లు అప్పులవాళ్ల వరుసలో బాగా వెనక నిలబడవలసి వస్తుంది. నా పదవీ విరమణ రోజున తోటి ఉపాధ్యాయులు ఇచ్చిన 500 రూపాయల కూపన్‌ను ఇన్నాళ్లూ గుర్తుగా దాచుకున్నాను. పోయిన ఆదివారం దాన్ని తీసుకెళ్లి ఒక పెద్ద స్టీలు డబ్బా కొని, అందులో జొన్నపిండి పోసుకున్నాను.