గాంబిట్: ఆట రకం తెలిసినవారికే లొంగే సాఫ్ట్‌వేర్

ఒకరి లాభం ఎదుటివారి ఎంపికపై కూడా ఆధారపడే సందర్భాలను ఆటలుగా చూసే గేమ్ థియరీ లెక్కలకు గాంబిట్ మంచి పనిముట్టు, పైగా ఉచితం. పైథాన్ వాడేవారు దాని పైథాన్ రూపమైన పైగాంబిట్‌ను పిప్ అనే ఇన్‌స్టాలర్‌తో ఎక్కించుకోవచ్చు. ఆటను చెట్టుగా గీసుకోవడానికి విండో కూడా ఉంది. చిక్కల్లా ఒక్కటే: ఏ ఆటకు ఏ పద్ధతి నప్పుతుందో మనమే ఎంచుకోవాలి.

ఇద్దరు ఆటగాళ్లు, ఇద్దరి ప్రతిఫలాల మొత్తం ఎప్పుడూ ఒకటే అయితే (స్థిర మొత్తం ఆట) గాంబిట్‌లోని ఎల్‌పీ, అంటే లీనియర్ ప్రోగ్రామింగ్ పద్ధతి సరిపోతుంది. నేరం ఒప్పుకోవాలా, మౌనంగా ఉండాలా అని ఇద్దరు విడివిడిగా తేల్చుకునే ఖైదీల సందిగ్ధంలో ఆ మొత్తం మారుతుంది కాబట్టి ఎల్‌పీ ఒప్పుకోదు. అప్పుడు ఇద్దరి ఆటలకు పనికొచ్చే ఎల్‌సీపీ గానీ ఎనమ్‌మిక్స్‌డ్ గానీ వాడొచ్చు. ప్రతిఫలాల్లో భిన్నాలుంటే 1/3, 2/3 అనే రాయండి. 0.33, 0.66 అని రాశారా, మొత్తం ఒకచోట 1, ఇంకోచోట 0.99 అయి స్థిర మొత్తం ఆట కాస్తా కాకుండా పోతుంది.

ఇద్దరూ చెరో నాణెం చూపి, ఒకేలా ఉంటే మొదటివాడు, వేరైతే రెండోవాడు గెలిచే బొమ్మా బొరుసా ఆటను ఎనమ్‌ప్యూర్ పద్ధతికి ఇస్తే జవాబు ఖాళీగా వస్తుంది. అది లోపం కాదు, ఆ ఆటకు శుద్ధ సమతౌల్యమే లేదు, అంటే ఇద్దరూ ఒక్కో ఎత్తుకే కట్టుబడి, ఎవరూ ఒంటరిగా మారి లాభపడలేని స్థితి లేదు. ఎనమ్‌మిక్స్‌డ్ మాత్రం ఇద్దరికీ రెండు ఎత్తులకు 1/2, 1/2 సంభావ్యతలు చూపిస్తుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది చెట్టు గీసేటప్పుడే. ఒకరి ఎత్తు మరొకరికి తెలియని ఆటలో రెండో ఆటగాడి రెండు కొమ్మలనూ ఒకే సమాచార సమితిలో (ఆటగాడు తేడా గుర్తించలేని చోట్ల గుంపులో) కలపాలి. మరిచిపోతే అది సంపూర్ణ సమాచారం ఉన్న ఆటగా మారి, బొమ్మా బొరుసాలో రెండోవాడే ఎప్పుడూ గెలుస్తాడు. గాంబిట్ హెచ్చరించదు, పాపం దానికేం తెలుసు! లెక్క మొదలుపెట్టే ముందు రెండోవాడి వ్యూహాల (ప్రతి చోటా ఏం ఆడాలన్న పూర్తి ప్రణాళికల) సంఖ్య చూడండి: 2 ఉండాల్సిన చోట 4 కనిపిస్తే కొమ్మలు విడిగా ఉన్నట్టే.

ఎదుటివాడి రకం (అతని ప్రతిఫలాలు ఎలాంటివో) తెలియని ఆటలకు గేమ్ థియరీ పండితుడు జాన్ హర్సాని 1967-68లో చూపిన దారే ఇక్కడా పనిచేస్తుంది: చెట్టు మొదట్లో ఏ ఆటగాడి చేతిలోనూ లేని అదృష్టపు ఎత్తు పెట్టి, సంభావ్యతలు ఇవ్వాలి.

ఆటగాళ్లు ముగ్గురూ ఆపైన ఉంటే జీఎన్‌ఎమ్, లాజిట్ అనే పద్ధతులు ఉన్నాయి, కానీ అవి సమతౌల్యాలన్నీ పట్టిస్తాయన్న భరోసా లేదు. పరిమాణమూ చూసుకోవాలి: ఒక్కో చోట 2 ఎత్తుల చొప్పున 10 సమాచార సమితులుంటే ఆ ఆటగాడికి 1024 దాకా వ్యూహాలు.

కూటములు కట్టి లాభం పంచుకునే సహకార ఆటలకు ఇందులో చోటు లేదు. కూటమిలో ఒక్కొక్కరికి దక్కాల్సిన న్యాయమైన వాటా చెప్పే షాప్లీ విలువ కావాలంటే వేరే పనిముట్టు వెతుక్కోవాల్సిందే.