ఊరూరా ఆడి వచ్చిన కోచ్ గారి దగ్గర బాస్కెట్‌బాల్: పటమటలోని ఒక శిక్షణ కేంద్రంపై సమీక్ష

విజయవాడలో పిల్లలను క్రికెట్‌లోనో బ్యాడ్మింటన్‌లోనో చేర్పించదలచిన తల్లిదండ్రులు పెద్దగా వెతుక్కోవలసిన పని లేదు. బాస్కెట్‌బాల్ అనేసరికి మాత్రం ఎంచుకోవడానికి దొరికేవి బాగా తగ్గిపోతాయి. పటమటలో ఒక ప్రైవేటు పాఠశాల ఆవరణలో ఉదయం, సాయంత్రం నడిచే చిన్న శిక్షణ కేంద్రంలో, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పోయిన వేసవి నుంచి నేర్చుకుంటున్నాడు. ఈ కేంద్రానికి ప్రకటనలు లేవు, గోడల మీద కప్పుల ఫొటోలు లేవు, కోచ్ గారు భారత జట్టుకు ఆడినవారూ కారు. అయినా నేను దీన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నాను. ఒక జట్టులో స్థిరపడకుండా ఏళ్ల తరబడి ఊరూరా ఆడిన ఆయన అనుభవమే ఇక్కడి శిక్షణకు అసలు బలం.

మన దేశంలో బాస్కెట్‌బాల్‌ను నమ్ముకుని బతకడమంటే చాలామందికి స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో, బ్యాంకులోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగం సంపాదించుకోవడమే. ఆ ఉద్యోగం వచ్చేదాకా ఏడాది స్టైపెండ్ మీదో, ఒక్కో టోర్నమెంటుకు గెస్ట్ ప్లేయర్‌గానో ఆడుతూ ఉండాలి. మా కోచ్ గారి ఆట చాలావరకు అలాగే గడిచింది. చెన్నైలో కొంతకాలం, సికింద్రాబాదులో కొంతకాలం, మధ్యలో కేరళలోనూ ఒడిశాలోనూ టోర్నమెంట్లు. రైలు దిగిన సాయంత్రమే కొత్త జెర్సీ వేసుకుని, అంతకుముందు ముఖపరిచయం కూడా లేని నలుగురితో కలిసి కోర్టులోకి దిగవలసి వచ్చేదని ఆయన చెబుతారు. పర్మినెంట్ ఉద్యోగం చేతికందే లోపే మోకాలు దెబ్బతినడంతో బెజవాడకు తిరిగి వచ్చి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు.

ఈ అనుభవం శిక్షణలోకి ఎలా దిగిందో తెలుసుకోవాలంటే శనివారం సాయంత్రం ఇక్కడ జరిగే మ్యాచ్ చూడాలి. అయిదుగురేసి ఉన్న రెండు జట్లకూ ఎవరి సైగలు వాళ్లకుంటాయి: ఒక జట్టులో పిడికిలి ఎత్తితే ఎడమవైపు స్క్రీన్ (తోటి ఆటగాడికి దారి దొరికేలా ప్రత్యర్థికి అడ్డంగా కదలకుండా నిలబడటం) వస్తున్నట్టు, మరో జట్టులో అదే పిడికిలికి బంతిని మూలకు పంపమని అర్థం. ఆట మంచి ఊపులో ఉండగా కోచ్ గారు విజిల్ వేసి, ఒక్క పిల్లవాడిని ఎంచి, ఒంటి మీది రంగు చొక్కా మార్పించి అవతలి జట్టులోకి పంపిస్తారు. అతనికి నిమిషం గడువు. ఆ నిమిషంలోనే కొత్త జట్టులో బంతి ఎవరు తెస్తున్నారో, సైగలేమిటో, తాను ఎవరిని కాయాలో అడిగి తెలుసుకోవాలి. దీనికి పిల్లలు పెట్టుకున్న పేరు ‘ట్రాన్స్‌ఫర్’. మా అబ్బాయి సహజంగా బిడియస్తుడు; మొదట్లో అవతలి జట్టులోకి వెళ్లి ఎవరినీ ఏమీ అడగక, ఎక్కడ నిలబడాలో పాలుపోక తిరిగేవాడు. ఇప్పుడు చొక్కా మార్చుకుంటూనే ప్రశ్నలు వేస్తున్నాడు, డిఫెన్స్‌లో ఉన్నప్పుడు వెనుక నుంచి వస్తున్న స్క్రీన్ గురించి తోటివాళ్లను గొంతెత్తి హెచ్చరిస్తున్నాడు. ఈ మార్పు ఒక్కటి చాలు, నేను కట్టిన ఫీజుకు న్యాయం జరిగిందనడానికి.

పాయింట్లు చేసిన పిల్లవాడికి ఇక్కడ ప్రత్యేకంగా చప్పట్లు ఉండవు. షాట్ గాలిలోకి లేవగానే బంతి వైపు చూడకుండా, ముందు ప్రత్యర్థికీ రింగుకూ మధ్య తన ఒంటిని అడ్డుపెట్టి, కాళ్లు ఎడంగా ఉంచి, నడుమును కిందికి దించి, ఆ తర్వాతే రీబౌండ్ (రింగుకు తగిలి తిరిగొచ్చే బంతి) కోసం తలెత్తిన పిల్లవాడికి ఉంటాయి. బాక్స్ ఔట్ అనే ఈ పనిని కోచ్ గారు ఎంతో ఓపికతో, ఒక్కొక్కరి వెనుకా నిలబడి, తన బరువు మోపి చూపిస్తారు. స్క్రీన్ వేసేటప్పుడు పాదం జరిగితే అది ఫౌల్ కాబట్టి, నేల మీద సుద్దముక్కతో పాదాల చుట్టూ గీత గీసి, ఆ గీత దాటకుండా నిలబడమంటారు. స్టార్ ఆటగాడి మీద నమ్మకంతో జట్టు అతని తప్పులను భరిస్తుంది గానీ, నిన్న వచ్చి చేరినవాడు ఒళ్లు దాచుకోకుండా చేసే ఇలాంటి పనుల వల్లే జట్టులో నిలబడతాడని ఆయన నమ్మకం. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

వర్షం పడి కోర్టు తడిసిన రోజుల్లో క్లాసు మానేయరు. వరండాలో కూర్చోబెట్టి ల్యాప్‌టాప్‌లో మ్యాచ్‌లు చూపిస్తారు. పిల్లలు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని స్టార్లు లెబ్రాన్‌నో, కర్రీనో చూపించమంటారు. ఆయన ఎక్కువగా చూపించేది ఇష్ స్మిత్ ఆట. ఆరడుగుల ఎత్తున్న ఈ పాయింట్ గార్డ్‌ను (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు) 2010 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఏ జట్టూ ఎంచుకోలేదు. హ్యూస్టన్‌లో మొదలుపెట్టి మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఒర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్ అంటూ తిరిగి, ఫిలడెల్ఫియాకు రెండు సార్లు ఆడి, డెట్రాయిట్‌లో మాత్రం మూడు సీజన్లు వరుసగా నిలిచి, చివరికి 13 జట్లకు ఆడిన ఆటగాడిగా ఎన్‌బీఏలో రికార్డు నెలకొల్పాడు. ఆ పదమూడో జట్టు డెన్వర్ నగ్గెట్స్. 2023 జూన్‌లో అది మయామీని 4-1తో ఓడించి టైటిల్ గెలిచినప్పుడు అతను జట్టులోనే ఉన్నాడు. ఫైనల్స్‌లో అతనికి దక్కిన ఆట చాలా తక్కువ, అయినా పదమూడు సీజన్లు లీగ్‌లో నిలదొక్కుకున్నాక అందుకున్న టైటిల్ అది. ట్రేడ్ జరిగితే, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటే, ఆటగాడి ఇష్టంతో చాలావరకు పని లేదని, జనవరి 5 నుంచి ఇచ్చే పది రోజుల కాంట్రాక్టులు ఒక సీజన్‌లో ఒకే జట్టు నుంచి రెండుకు మించి ఉండవని, ఆ తర్వాత సీజన్ చివరిదాకా తీసుకోవాలి లేదా వదిలేయాలని ఆయన వివరిస్తుంటే పిల్లలు కళ్లార్పకుండా వింటారు. ఆ లీగ్‌లో సంపాదన కోట్లలో ఉంటుందని మాత్రమే విని ఉన్న పిల్లలకు ఇది తెలియవలసిన విషయం.

మనవాళ్ల సంగతీ చెబుతారు. 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా సత్నామ్ సింగ్‌ను తీసుకున్నా ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం అతనికి రాలేదు. 2017లో అమృత్‌పాల్ సింగ్ ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీ కింగ్స్‌కు, అమ్‌జ్యోత్ సింగ్ అమెరికాలో ఎన్‌బీఏకు దిగువ స్థాయి లీగ్‌లోని ఓక్లహోమా సిటీ బ్లూ జట్టుకు ఆడారు.

లోపాలు లేకపోలేదు. కోర్టు సిమెంటుది, ఎండాకాలంలో దాని మీద సన్నటి దుమ్ము పేరుకుని కాలు జారుతుంది, పడితే మోకాలి చర్మం లేచిపోతుంది. సాయంత్రం బ్యాచ్‌కు లైట్ల వెలుతురు ఒక వైపు చాలదు. ఆడపిల్లలు కొద్దిమందే ఉన్నారు, వాళ్లు ఆడవలసిన ఆరో నంబరు బంతులు సరిపడా లేక తరచూ అబ్బాయిల ఏడో నంబరు బంతితోనే సరిపెట్టుకోవలసి వస్తోంది; దీన్ని వెంటనే సరిచేయాలి. అన్నింటికంటే పెద్ద వెలితి షూటింగ్. మోచేయి ఎక్కడుండాలి, మణికట్టు ఎలా వంచాలి అనే అంశాలపై ఇక్కడ ఇవ్వవలసినంత సమయం ఇవ్వడం లేదు. ఈ విషయం అడిగితే, తానే మంచి షూటర్ కానని, అందుకోసం తెలిసిన మరో కోచ్‌ను నెలకు రెండు ఆదివారాలు పిలిపించే ప్రయత్నంలో ఉన్నానని కోచ్ గారు దాపరికం లేకుండా చెప్పారు.

ఇంతకుముందు మావాడిని పంపిన మరో చోట కోర్టు బాగుండేది, యూనిఫాం, బ్యాగు కూడా ఇచ్చారు. పిల్లలు వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు లేఅప్ (రింగు దగ్గరికి పరుగెత్తి వేసే షాట్) వేసి మళ్లీ వరుస చివరికి వెళ్లడంతోనే గంట గడిచిపోయేది. పటమటలో పిల్లవాడికి ఆ గంటలో కాలు నిలిచే తీరిక ఉండదు.

నెల ఫీజు రూ.1,500, రసీదు అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడిగి తీసుకోండి. వేసవిలో ఉదయం అయిదున్నరకే మొదలుపెట్టి ఎండ ముదరకముందే వదిలేస్తారు. తాగునీరు మీరే పంపాలి, చీలమండను కప్పి ఉంచే, అడుగు మెత్తగా ఉండి పట్టున్న బూట్లు తప్పనిసరి. పదో తరగతి అయ్యాక ఇంటర్ చదువుల ఒత్తిడితో మానేసే పిల్లలే ఎక్కువని కోచ్ గారు బాధపడుతుంటారు. అలాంటివారి కోసం ఆదివారం ఉదయం మాత్రమే వచ్చే వీలు కల్పించి, సగం ఫీజే తీసుకుంటున్నారు. చేరే ముందు శనివారం సాయంత్రం వెళ్లి, పిల్లవాడితో పాటు గట్టు మీద కూర్చుని ‘ట్రాన్స్‌ఫర్’ మ్యాచ్ ఒకటి పూర్తిగా చూడండి. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.