కప్పులా, గ్రాములా? మైదాకి మాత్రం తూకమే

"250 గ్రాముల మైదా అంటే ఎన్ని కప్పులండీ?" గ్రాముల్లో కేకు రెసిపీ పెట్టినప్పుడల్లా వచ్చే మొదటి ప్రశ్న ఇదే. రెండు కప్పులు అని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ కప్పు మీరెలా నింపుతారన్న దాని మీదే కేకంతా ఆధారపడి ఉంటుంది.

చాలామంది కప్పు సైజు గురించి కంగారు పడతారు. అమెరికా కప్పు దాదాపు 240 మి.లీ., ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. నిజమే గానీ, అన్నీ ఒకే కప్పుతో కొలిస్తే పాళ్లు పెద్దగా చెడవు. కప్పును బట్టి పెరగనివి, తరగనివి గుడ్లు, చెంచాతో కొలిచేవి మాత్రమే.

అసలు పేచీ మైదాతోనే. డబ్బాలో కప్పు ముంచి, అంచుకి అదిమి పైకి తీస్తే 140 నుంచి 150 గ్రాములు వస్తుంది. అదే మైదాని ముందు కాస్త కదిపి, స్పూన్‌తో కప్పులోకి వదులుగా వేసి, పైన చాకు వెనకవైపుతో గీస్తే 120, 125 దగ్గర ఆగుతుంది. రెండు కప్పుల కేకులో ఇది సుమారు 50 గ్రాముల తేడా. పాలు, పెరుగు, నూనె మాత్రం అంతే ఉంటాయి. ఇక కేకు పైన పగిలి, లోపల పొడిపొడిగా రాకుండా ఎలా ఉంటుంది? అప్పుడు మనం ఓవెన్‌ని తిట్టుకుంటాం. బియ్యం గ్లాసుతో కొలిచినా అన్నం బాగానే వస్తుంది, ఎందుకంటే గింజ అణగదు. మైదా అణుగుతుంది. జల్లించి కొలవాలా, కొలిచి జల్లించాలా అన్న సందేహం కూడా కప్పుతోనే వస్తుంది. తూకంలో ఎప్పుడు జల్లించినా ఒకటే.

పంచదార గింజగా ఉంటే కప్పు సుమారు 200 గ్రాములు. తేడా రాదు, కప్పే వాడుకోండి. అయితే మనలో చాలామంది దాన్ని మిక్సీలో పొడి చేసి వేస్తారు. కొలిచాక పొడి చేస్తే సరే. పొడి చేసి కొలిస్తే కప్పులో 120 గ్రాములే పడుతుంది, కేకు చప్పగా ఉంటుంది. కోకో పౌడరు మైదా కన్నా తేలిక, పైగా ఉండలు కడుతుంది. అదీ తూకానికే వదిలేయండి.

పాలకి, పెరుగుకి కప్పు చాలు. నూనె నీళ్ల కంటే తేలిక కాబట్టి రెసిపీలో 100 గ్రాములుంటే 110 మి.లీ. దాకా పోయాలి. వెన్నకి ఏదీ అక్కర్లేదు, 100 గ్రాముల ప్యాకెట్‌ని చాకుతో భాగాలు చేసుకోండి.

ఇక టీ గ్లాసు కొలతలంటారా, ఎవరి గ్లాసు వాళ్లది. ఏ పదార్థమో అడక్కుండా గ్రాముల్ని కప్పులుగా మార్చేసే యాప్‌లనైతే తీసేయండి.

త్రాసు ఓడిపోయే చోటు కూడా ఉంది. వంటింటి డిజిటల్ త్రాసులు గ్రాము చొప్పున చూపిస్తాయి. చిటికెడు ఉప్పు, పావు చెంచా వంటసోడా వేస్తే చాలాసార్లు అంకె కదలనే కదలదు. సోడా, బేకింగ్ పౌడర్, ఎసెన్సులకి 5 మి.లీ. కొలత చెంచానే వాడాలి, తలకి సమంగా గీసి.

త్రాసు కొనే ఉద్దేశం ఇప్పట్లో లేకపోతే ఒక పని చేయండి. కొత్త అరకిలో మైదా ప్యాకెట్ విప్పి, మీ కప్పుతో, మీకు అలవాటైన పద్ధతిలోనే, మొత్తం కొలవండి. నాలుగు కప్పులొస్తే మీ కప్పు 125 గ్రాములు. మూడున్నరకే అయిపోతే 140 పైమాటే. ఆ అంకె మైదా డబ్బా మూత మీద రాసి పెట్టుకోండి. గ్రాముల్లో ఏ రెసిపీ కనబడినా అందులోని మైదా గ్రాముల్ని దాంతో భాగిస్తే సరిపోతుంది. ఇంట్లో ఇంకొకరు కొలిస్తే మాత్రం ఆ లెక్క వర్తించదు.