డాష్‌క్యామ్‌తో ఫ్రీగా ఇచ్చే కార్డుని నమ్మకండి. నాకు జరిగింది చదవండి

కోపంలో రాస్తున్నాను, ఎక్కడైనా తప్పులుంటే సర్దుకుని చదవండి. బెజవాడలో కారున్న వాళ్లలో చాలామందికి కారు సామాన్లు బిగించే ఆ డెకార్స్ షాపు తెలుసు. పేరు రాయను. కంప్లైంట్ పెట్టాను, అది తేలేదాకా రాయొద్దని మా తమ్ముడు గట్టిగా చెప్పాడు. ఈలోపు ఇంకెవరూ నాలా మోసపోకూడదని మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

కారులోంచి దారంతా రికార్డ్ చేసే డాష్‌క్యామ్‌ని అక్కడే సంక్రాంతికి ముందు కొన్నాను. అమ్మ చెకప్‌ల కోసం నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తాం, డ్రైవింగ్ నాదే. 65వ నంబరు హైవే మీద రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే కెమెరా పెట్టించాలనుకున్నాను. ముందొకటి వెనకొకటి, ఫోర్‌కే, 8,500 అన్నాడు షాపువాడు. ఫిట్టింగ్ వెయ్యి. 128 జీబీ మెమరీ కార్డు ఫ్రీ. బిల్లు అడిగితే పైన ఎస్టిమేట్ అని ప్రింట్ ఉన్న చీటీ చేతిలో పెట్టాడు, బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనం అన్నాడు. సరేలే అనుకుని ఫోన్‌పే చేసి వచ్చేశాను. ఆ డబ్బు షాపు పేరు మీద కాకుండా ఎవరిదో సొంత పేరు మీదకి వెళ్లిందని ఇప్పుడు చూసుకుంటే తెలిసింది.

మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి తిరిగొస్తున్నాం. నందిగామ దాటాక ఎడమ అంచు వెంబడి ఒక ట్రాలీ ఆటో మాకు ఎదురొచ్చింది. కుడి పక్కన బస్సు, తప్పుకోవడానికి చోటు లేదు. బ్రేక్ వేశాను, అయినా ముందు డోర్ నుంచి వెనక డోర్ దాకా గీసుకుంటూ పోయింది. ట్రాలీలో కూర్చున్న కుర్రాడు కిందపడ్డాడు, మోచెయ్యి చెక్కుకుపోయింది. అమ్మ భయపడిపోయింది. నేను అమ్మ దగ్గరుండగానే ఆ డ్రైవర్ ఏం చేశాడో తెలుసా? జనం పోగయ్యేలోపు ఆటోని తిప్పేసి మా దిక్కుగా నిలబెట్టేశాడు. వచ్చినవాళ్లందరికీ మేం వెనకనుంచి ఓవర్‌టేక్ చేస్తూ కొట్టామన్నట్టు కనిపించింది. అందరూ కుర్రాడి మోచెయ్యి చూశారు, కారు చూశారు, తప్పు కారుదేనన్నారు.

ఆ గొడవలో కూడా నేను ధైర్యంగానే ఉన్నాను. నా దగ్గర కెమెరా ఉందిగా అనుకున్నాను. స్టేషన్‌లో ఎస్సై గారు కూడా మర్యాదగానే, "కెమెరా ఉంది కదా మేడమ్, వీడియో చూపించండి, ఇంకేం గొడవ ఉండదు" అన్నారు. ఫోన్‌లో యాప్ తెరిచాను. జాబితాలో ఫైలుంది. సాయంత్రం 4:17, టైమ్ కరెక్టుగా ఉంది. నొక్కితే నల్లటి తెర. మళ్లీ నొక్కాను, అదే. కార్డు తీసి వాళ్ల కంప్యూటర్‌లో పెట్టారు. నాలుగొందల ఎంబీ అని సైజు చూపిస్తోంది, తెరుచుకోదు. వెనక కెమెరా ఫైలూ అంతే. వందల ఫైళ్లు ఉన్నాయి, తెరుచుకున్నవి ఏడో ఎనిమిదో, అవీ ఎప్పటివో.

ఆటో అతను నా ముఖం చూశాడు. అప్పటిదాకా కాస్త తగ్గి మాట్లాడుతున్నవాడు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

చివరికి రాజీ. రాంగ్ రూట్‌లో వచ్చి నన్ను కొట్టినవాడికి నేను 10,000 ఇచ్చి వచ్చాను. కారు రిపేర్‌కి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టక తప్పలేదు. ఐదేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా లేకుండా తెచ్చుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వచ్చే రెన్యువల్‌కి సున్నా.

ఇంతవరకూ అయినా నేను ఓర్చుకునేదాన్నే. రాస్తున్నది తర్వాత జరిగిన దాని గురించి.

రాత్రి ఇంటికొచ్చాక తమ్ముడు తన ఫ్రెండ్‌కి ఫోన్ చేశాడు, ఆ అబ్బాయి డేటా రికవరీ పని చేస్తాడు. లక్షణాలన్నీ విని అతను చెప్పింది ఇది. "అక్కా, అది డూప్లికేట్ కార్డు అయ్యుంటుంది. లోపల ఉన్నది తక్కువ, పైకి 128 అని చెప్పేలా చేసి అమ్ముతారు. నిండాక కూడా పేరూ సైజూ జాబితాలో పడతాయి గానీ వీడియో ఉండదు. కొన్ని కార్డుల్లో మాత్రం కొత్త డేటా పాతదాని మీదే పడుతుంది. అలాంటిదైతే ఆఖరి ఫైళ్లు ముక్కలుగానైనా దొరకొచ్చు. గ్యారంటీ లేదు. మీరు మాత్రం దాన్ని దేంట్లోనూ పెట్టకండి, అందులో ఇంకేమీ రికార్డ్ కానివ్వకండి. మంగళవారం తెచ్చివ్వండి."

మంగళవారం దాకా ఆగాల్సింది. ఆగలేదు. ఆ తప్పు నాది, దాన్ని తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. సోమవారం పొద్దున్నే కార్డు చిన్న కవర్‌లో పెట్టుకుని షాపుకెళ్లాను. డూప్లికేట్ ఇచ్చావని ముఖం మీద అడగాలని.

షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. నేను గొంతు పెంచలేదు. జరిగింది చెప్పాను, కార్డు చూపించాను. "చూస్తాను ఇవ్వండి మేడమ్" అని చెయ్యి చాపాడు. ఇచ్చేముందే చెప్పాను, "దీన్ని ఫార్మాట్ చేయకండి, ఇందులో యాక్సిడెంట్ వీడియో ఉంది, రికవరీకి ఇవ్వాలి" అని. తలూపాడు. కౌంటర్ మీద డెమోకి పెట్టిన కెమెరాలో కార్డు వేశాడు. నేను మళ్లీ చెప్పాను, "ఫార్మాట్ వద్దండీ". "తెలుసు మేడమ్, మాకు చెప్తారా" అన్నాడు. తెర మీద ఏదో అడిగింది. అది చదవడానికి నేను ముందుకి వంగేలోపే బొటనవేలితో నొక్కేశాడు.

ఫార్మాట్ కంప్లీట్ అని వచ్చింది.

నేను "ఏం చేశారండీ" అని అరిచాను. అతను నావైపు చూడకుండా రికార్డింగ్ ఆన్ చేసి కెమెరాని ఆ ఇద్దరు కస్టమర్ల వైపు తిప్పాడు. "చూడండి, రికార్డ్ అవుతోంది కదా, కార్డు బ్రహ్మాండంగా ఉంది, నెలకోసారి ఫార్మాట్ కొట్టుకోవాలి, వీళ్లు కొట్టరు, మళ్లీ మా మీదకొస్తారు." కార్డు ఇచ్చెయ్యమని అడుగుతూనే ఉన్నాను, అది రికార్డ్ అవుతూనే ఉంది. పది నిమిషాలు. మిగిలి ఉన్న ముక్కల మీద ఆ షాపు గోడా, సీటు కవర్లూ, నా ఏడుపుగొట్టు ముఖమూ రికార్డ్ అయ్యాయి.

అప్పుడన్న మాట వినండి. "మీ సార్‌ని తీసుకురండి మేడమ్, ఆయనకి చెప్తాను. లేడీస్‌కి ఈ సెట్టింగులు అర్థం కావు."

పదమూడేళ్లుగా కారు నడుపుతున్నాను. ఆ కెమెరా కొన్నది నా జీతంతో. డబ్బు తీసుకున్నప్పుడు సార్ అవసరం రాలేదు అతనికి. నాకు నోట మాట రాలేదు, అందరి ముందు కళ్లల్లో నీళ్లొచ్చాయి, వాటిని చూసి అతను ఇంకా రెచ్చిపోయాడు. "బిల్లు ఉందా? ఎస్టిమేట్ చీటీకి వారంటీ ఉండదు. కార్డు ఫ్రీగా ఇచ్చింది, ఫ్రీ ఐటమ్‌కి అసలే ఉండదు." ఆ ఇద్దరిలో ఒకాయన మాత్రం కొనబోతున్న కెమెరా డబ్బా కౌంటర్ మీద పెట్టేసి బయటికి నడిచాడు. బాబాయ్ గారూ, మీరెవరో తెలియదు, మీకు దండం.

పొరపాటున నొక్కాడని కొందరు అనొచ్చు. రెండుసార్లు వద్దని చెప్పిన తర్వాత పొరపాటు ఎలా అవుతుంది? అతనికి అది డూప్లికేట్ అని తెలుసు. తేలితే తన మీదకొస్తుందనీ తెలుసు.

మర్నాడు రికవరీ అబ్బాయి ప్రయత్నించాడు, ఏమీ రాలేదు. తర్వాత లాప్‌టాప్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డుని పరీక్షించాడు. అది కార్డు మొత్తం నింపి, రాసింది రాసినట్టు తిరిగి చదవగలుగుతుందో లేదో చూస్తుంది. 128 కాదు, 16 జీబీ కూడా పూర్తిగా రాలేదు. రెండు కెమెరాలు కలిపి గంటకి పది పన్నెండు జీబీ రాస్తాయట. అంటే బిగించాక చేసిన మొదటి హైదరాబాద్ ప్రయాణంలోనే, సూర్యాపేట చేరకముందే అది నిండిపోయి ఉంటుంది. బిగించిన రోజు షాపులో వీడియో చూపించాడు, బాగుంది. ఆ తర్వాత నాలుగు నెలలు నేను చూసింది నీలం లైట్ వెలుగుతోందా లేదా అన్నదొక్కటే. హైదరాబాద్ వెళ్లొచ్చాక ఒక్క ఫైలు తెరిచి చూసుంటే జనవరిలోనే దొరికిపోయేవాడు.

వైరింగ్ సంగతి కూడా చెప్పాలి. ఆ షాపువాడి పని మీద నమ్మకం పోయి మొత్తం పీకించేద్దామని ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను, పెద్దాయన. ఫ్యూజ్ బాక్స్ తెరిచి నన్ను పిలిచి చూపించాడు. ఫ్యూజ్ దగ్గర నుంచి కరెంటు తీసుకోవడానికి పెట్టే ఫ్యూజ్ ట్యాప్ లేదు. వైర్ కొస ఒలిచి ఫ్యూజ్ కాలికి చుట్టి అలాగే సాకెట్‌లో కుక్కేశారు. అలా చేస్తే సాకెట్ వదులైపోతుంది, పట్టు లేని చోట వేడి పుడుతుంది, అక్కడే కాలిపోయేది అన్నాడు. కెమెరాని కారు కరెంటుకి కలిపే హార్డ్‌వైర్ కిట్ అని డబ్బులు తీసుకుని పెట్టింది, సిగరెట్ లైటర్ చార్జర్‌ని పగలగొట్టి తీసిన లోపలి బోర్డు, దానికి నల్ల టేపు చుట్టారు. అసలు కిట్ అయితే బ్యాటరీ వోల్టేజ్ పడిపోగానే కెమెరాని ఆపేస్తుంది. ఇందులో ఆ ఏర్పాటే లేదు. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి పొద్దున్నే కారు స్టార్ట్ కాలేదు. ఇదే షాపుకి ఫోన్ చేస్తే బ్యాటరీ ముసలిదైంది మేడమ్ అన్నాడు. 5,200 పెట్టి కొత్తది వేయించాను. పాత బ్యాటరీకి ఏ జబ్బూ లేదు.

దానికన్నా నా గుండె ఆగినంత పనైంది కారు పైకప్పుని మోసే ఎడమ పిల్లర్ కవర్ తీసినప్పుడు. వెనక కెమెరా వైరుని, కిటికీల పైన దాగుండే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ముందునుంచి లాగారు. వైరు ఎప్పుడూ బ్యాగ్ వెనకనుంచి పోవాలి. ముందునుంచి పోతే బ్యాగ్ విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది, లేదా ఆ విసురుకి వైరూ క్లిప్పులూ మనిషి ముఖం మీదకొస్తాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండాలని అప్పు చేసి మరీ టాప్ వేరియంట్ తీసుకున్నాం. ఆ సీట్లో కూర్చునేది మా అమ్మ. ఆదివారం దెబ్బ తగిలింది కూడా ఆ పక్కే. ఇంకాస్త గట్టిగా తగిలుంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి వెళ్లి అమ్మని చూసి వస్తున్నాను.

కెమెరా వీపు భాగం కూడా ఉబ్బి ఉంది. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ. మన ఎండలకి, అద్దం వెనక అతికించిన దాంట్లో ఆ బ్యాటరీ ఉండకూడదట, బ్యాటరీ బదులు వేడికి తట్టుకునే సూపర్ కెపాసిటర్ ఉన్నవే తీసుకోవాలట. కొనేటప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోర్‌కే అన్నాడు, అంతే, నా ప్రశ్నలన్నీ అయిపోయాయి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడి నుంచి తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాను. మా పెదనాన్న గారబ్బాయి లాయరు. అమ్మిన సరుకుకి బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అట. కాబట్టి బిల్లు లేదుగా అని నోరు మూయించే అవకాశం వాళ్లకి లేదు. ఫోన్‌పే రికార్డు, ఎస్టిమేట్ చీటీ, ఎలక్ట్రీషియన్ తీసిన ఫొటోలు, ఆ నకిలీ కార్డు, అన్నీ దాచాను. అన్నయ్య ఇంకొకటి కూడా చెప్పాడు. వీడియో కోర్టుదాకా వెళ్లాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు మారలేదని చూపే కోడ్, అదే హ్యాష్ విలువ, కూడా రాయాలి. అందుకని అసలు కార్డు ముట్టుకోకుండా ఉంచాలి, వాట్సాప్‌లో పంపుకున్న కాపీలని నమ్ముకోకూడదు. నేను ఆ అసలు కార్డునే తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను.

మీకు చెప్పేది ఇంతే. కార్డు విడిగా కొనండి, డాష్‌క్యామ్‌ల కోసమే చేసిన హై ఎండ్యూరెన్స్ రకం, బిల్లుతో. కెమెరాలో వేసేముందే లాప్‌టాప్‌లో పరీక్షించండి, రెండు మూడు గంటలు పడితే పట్టనివ్వండి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, అడ్రస్, ఎమ్మార్పీ లేకపోతే అక్కడే వదిలేయండి. నా డబ్బా మీద ఇవేవీ లేవు, ఇంటికొచ్చాక కూడా తిప్పి చూడలేదు. బిగించేటప్పుడు పక్కనే నిలబడి ఫ్యూజ్ ట్యాప్ పెట్టారా, పిల్లర్‌లో వైరు బ్యాగ్ వెనకనుంచి పోయిందా అని చూడండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఏదైనా జరిగితే కార్డు బయటికి తీసి, ముందు కాపీ తీసుకునేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎంత తెలిసినవాళ్లైనా సరే.

ఆ షాపు ఉన్న వరసలో ఈ మధ్య ఎవరైనా ఫ్రీ కార్డుతో కెమెరా పెట్టించుకుని ఉంటే, ఈ రాత్రికే కిందికి వెళ్లి కారులోంచి కార్డు తీసుకొచ్చి ఒక ఫైలు తెరిచి చూడండి. బిగించిన రోజుది కాదు, నిన్నటిది.